కేకాన్ఫిగ్‌లో ఒకే ఆప్షన్‌కు పలు నిర్వచనాలు: ఏవి తీసేయాలి, ఏవి ఉంచాలి?

మూలకోడ్ పాఠకుడు

అందరికీ నమస్కారం. లినక్స్ కెర్నల్‌ను నిర్మించేటప్పుడు అందులో ఏయే సదుపాయాలు ఉండాలో ఎంచుకునే ఆప్షన్లను నిర్వచించే కేకాన్ఫిగ్ ఫైళ్లను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఒకే ఆప్షన్‌ను రెండు, మూడు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఆర్కిటెక్చర్ల (ప్రాసెసర్ కుటుంబాల) డైరెక్టరీలలో విడివిడిగా నిర్వచించడం చాలాచోట్ల కనిపిస్తోంది. పేరు అదే, రకం అదే, చివరకు కోడ్‌లో దాన్ని వాడే చోటు కూడా అదే, అయినా నిర్వచనం మాత్రం ఎవరి ఫైలులో వారిది.

ఇలాంటి వాటిని ఒక చోటికి చేర్చిన ప్యాచ్‌ల (కోడ్ మార్పుల) వరుస ఒకటి 2021లో 5.13 వెర్షన్‌లో చేరింది. దానికి ముందు ఆర్చ్_హ్యాజ్_క్యాష్_లైన్_సైజ్ అనే ఆప్షన్ ఏఆర్‌సీ, ఆర్మ్64, ఎక్స్86 ఫైళ్లలో వేర్వేరుగా ఉండేది. ఆ వరుస దాన్ని మెమరీ నిర్వహణ కోడ్ ఉండే ఎంఎం డైరెక్టరీలోని కేకాన్ఫిగ్‌లో ఒక్కసారి నిర్వచించి, అవసరమైన ఆర్కిటెక్చర్లు దాన్ని సెలెక్ట్ చేసుకునేలా, అంటే తమ ఫైలు నుంచే దాన్ని ఆన్ చేసేలా, మార్చింది. మెమరీ హాట్‌ప్లగ్‌కు (యంత్రం నడుస్తుండగానే మెమరీ చేర్చడానికి) సంబంధించిన ఆర్చ్_ఎనేబుల్_మెమరీ_హాట్‌ప్లగ్, దాని జంటగా ఉన్న హాట్‌రిమూవ్ కూడా ఇదే దారిలో వెళ్లాయి. సిస్_సపోర్ట్స్_హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్ఎస్ అన్నది ఉమ్మడి చోటికి రావడంతో పాటు ఆర్చ్_సపోర్ట్స్_హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్ఎస్ అనే పేరు కూడా పొందింది.

ఇదే పద్ధతిలో మిగిలిన వాటిని శుభ్రం చేసే పని చేపట్టాలని నాకు ఉంది. అయితే పేరు రెండు చోట్ల కనిపించినంత మాత్రాన అది తీసేయదగినదేనా అన్న సందేహం తీరడం లేదు. దేన్ని అనవసరమైన నకలుగా లెక్కించాలి, దేన్ని కావాలని పెట్టిన నిర్వచనంగా వదిలేయాలి అన్నదానికి అనుభవజ్ఞులు ఒక కొలబద్ద చెప్పగలరా?

కేకాన్ఫిగ్ కార్యశాల

పాఠకుడు గారూ, కొలబద్ద కంటే ముందు ఒకే పేరును రెండుసార్లు నిర్వచించినప్పుడు కేకాన్ఫిగ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండో నిర్వచనం మొదటిదాన్ని కొట్టేయదు, దోషంగా కూడా లెక్కలోకి రాదు. రెండూ కలిసి ఒకే ఆప్షన్ అవుతాయి. రకాలు సరిపోలకపోతే హెచ్చరిక వస్తుంది తప్ప, మిగిలిన గుణాలన్నీ ఒకే కుప్పలో పడతాయి.

ఆ కలయికలో రెండు నియమాలు ముఖ్యం. మొదటిది, డిఫాల్ట్ విలువలు పలు చోట్ల ఉంటే, ఫైళ్లు చదివిన వరుసలో ఏ డిఫాల్ట్ షరతు ముందుగా నెరవేరితే దాని విలువే నిలుస్తుంది. రెండోది, దీన్ని గమనించేవారు తక్కువ, ఏ ఇతర ఆప్షన్ల మీద ఆధారపడుతుందో చెప్పే డిపెండ్స్ ఆన్ షరతులకు సంబంధించినది. ఒక నిర్వచనంలో రాసిన డిపెండ్స్ ఆన్ ఆ నిర్వచనంలోని ప్రాంప్ట్ (మెనూలో వాడుకరికి కనిపించే ప్రశ్న), డిఫాల్ట్ వంటి గుణాలకు మాత్రమే వర్తిస్తుంది. మొత్తం ఆప్షన్‌కు ఉండే ఆధార షరతు మాత్రం అన్ని నిర్వచనాల షరతులనూ ‘లేదా’తో కలిపితే వచ్చేది. కాబట్టి నాలుగు చోట్ల కట్టుదిట్టమైన షరతులు రాసి, అయిదో చోట ఏ షరతూ లేని ఖాళీ నిర్వచనం ఒకటి ఉంటే, మొత్తం షరతు ‘ఎప్పుడూ సరే’గా మారిపోతుంది. ఆ తరువాత ఎవరు ఎక్కడ నుంచి దాన్ని తప్పుగా సెలెక్ట్ చేసినా, ఆధారాలు నెరవేరలేదన్న హెచ్చరిక ఇక రాదు.

దీనికి మీరు చెప్పిన వరుసలోనే ఉదాహరణ ఉంది. హ్యావ్_ఆర్చ్_ట్రాన్స్‌పరెంట్_హ్యూజ్‌పేజ్ అప్పటికే ఆర్చ్ డైరెక్టరీలోని ఉమ్మడి కేకాన్ఫిగ్‌లో ఏ షరతూ లేని బూల్‌గా (అవును/కాదు ఆప్షన్‌గా) ఉంది. అయినా ఆర్మ్ ఫైలులో డెఫ్_బూల్ వై (డిఫాల్ట్‌గా ‘అవును’) అని, ఆర్మ్_ఎల్‌పీఏఈ అనే ఆప్షన్ మీద ఆధారపడుతుందని మరో నిర్వచనం ఉండేది. ఏఆర్‌సీ ఫైలులో ఏఆర్‌సీ_ఎంఎంయూ_వీ4 మీద ఆధారపడేలా ఇంకొకటి ఉండేది. చదివేవారికి ఆ డిపెండ్స్ ఆన్ ఒక కాపలాలా కనిపిస్తుంది. నిజానికి అది ఆ డిఫాల్ట్ ఎప్పుడు పనిచేయాలో మాత్రమే చెబుతోంది. ఒకే సర్వే నంబరు రెండు ఊళ్ల అడంగల్‌లో వేర్వేరు హద్దులతో నమోదైనట్లు ఉంటుంది ఈ స్థితి: ఏదో ఒక పుస్తకం చూసి హద్దు తెలిసిందనుకుంటే కుదరదు, రెండూ కలిపి చూస్తే తప్ప అసలు విస్తీర్ణం తేలదు.

ఆ ప్యాచ్ ఈ రెండు నిర్వచనాలనూ తీసేసి, ఆర్మ్‌లో ‘ఆర్మ్_ఎల్‌పీఏఈ ఉంటే సెలెక్ట్’ అనీ, ఏఆర్‌సీలో ‘ఏఆర్‌సీ_ఎంఎంయూ_వీ4 ఉంటే సెలెక్ట్’ అనీ మార్చింది. ఫలితం మారలేదు. కానీ ఆ వాక్యం నిజంగా ఏం చేస్తుందో ఇప్పుడు చదివిన వెంటనే తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పని విలువంతా ఇక్కడే ఉంది. ఎన్ని వరుసలు తగ్గాయన్నది నేను లెక్కలోకి తీసుకోను.

కొత్త విద్యార్థిని

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం. ఇంత గందరగోళానికి దారితీసేటప్పుడు, రెండో నిర్వచనం కనిపించగానే దోషం చూపి ఆగిపోయేలా కేకాన్ఫిగ్‌ను ఎందుకు రూపొందించలేదు? సీ భాషలో ఒక ఫంక్షన్‌ను రెండుసార్లు నిర్వచిస్తే లింకర్ ఒప్పుకోదు కదా.

పాత యంత్రాల ప్రేమికుడు

విద్యార్థిని గారూ, దీనికి చరిత్రలో ఒక కారణం ఉంది, నేటికీ చెల్లుబాటు అయ్యే కారణం మరొకటి ఉంది.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. రోమన్ జిపెల్ రాసిన కేకాన్ఫిగ్ 2002లో 2.5.45 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చింది. అంతకు ముందు కాన్ఫిగ్.ఇన్ ఫైళ్ల పద్ధతి ఉండేది. దాని స్థానంలో ఎరిక్ రేమండ్ ప్రతిపాదించిన సీఎంఎల్2 ఆమోదం పొందలేదు. పాత పద్ధతిలో ప్రతి ఆర్కిటెక్చర్‌కూ తనదైన మూల ఫైలు ఉండేది, ఆ ఫైలే డ్రైవర్లనూ ఫైల్ సిస్టమ్‌లనూ లోపలికి పిలుచుకునేది. కేకాన్ఫిగ్ వచ్చిన తరువాత కూడా చాలాకాలం అదే అమరిక కొనసాగింది. ఒక ఆర్కిటెక్చర్‌కు కెర్నల్ నిర్మించేటప్పుడు మరో ఆర్కిటెక్చర్ ఫైలును అసలు చదవరు కాబట్టి, ఇరవై ఫైళ్లలో ఒకే పేరు ఉన్నా యంత్రానికి కనిపించేది ఒకటే. అంటే మనం నకలు అని పిలిచే వాటిలో చాలా భాగం యంత్రం దృష్టిలో నకళ్లే కావు. మనుషులు ఎవరికి వారు ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ రాసుకున్నారు, అంతే. ఐ386, ఎక్స్86_64 అనే రెండు డైరెక్టరీలు 2.6.24 వెర్షన్‌లో ఎక్స్86గా ఒకటైనప్పుడు ఇలా రెండుసార్లు రాసుకున్న ఎన్నో ఆప్షన్లు పక్కపక్కకు వచ్చి కూర్చున్నాయి.

ఇక నేటికీ చెల్లే కారణం ఇది. ఉమ్మడి ఫైలు ఒక సాధారణ విలువ చెబుతుంది, ఆర్కిటెక్చర్ తన అవసరానికి తగినట్లు దాన్ని మార్చుకుంటుంది. పేజీ పట్టికలకు ఎన్ని అంచెలో చెప్పే పీజీటేబుల్_లెవెల్స్ చూడండి. ఆర్చ్ డైరెక్టరీ ఉమ్మడి ఫైలులో దాని డిఫాల్ట్ 2. ఎక్స్86 ఫైలులో చాలాకాలం అయిదు అంచెల పేజీ పట్టికలు ఎంచుకుంటే 5, 64 బిట్లు అయితే 4, పీఏఈ (32 బిట్ల యంత్రంలో ఎక్కువ మెమరీ వాడే సౌకర్యం) ఉంటే 3, ఏదీ కాకపోతే 2 అని ఉండేది. పైన కార్యశాల గారు చెప్పిన ‘ముందు నెరవేరిన డిఫాల్ట్ నిలుస్తుంది’ అన్న నియమం మీదే ఇదంతా ఆధారపడి ఉంది. ఉమ్మడి విలువలను ఆర్కిటెక్చర్ ఫైలు మార్చుకోగలగాలంటే ఆ ఫైలును ముందుగా చేర్చాలని ఆర్చ్ కేకాన్ఫిగ్ ఆరంభంలోనే ఒక వ్యాఖ్య రాసి ఉంది. రెండో నిర్వచనం దోషమని ప్రకటిస్తే ఈ సౌకర్యమంతా పోతుంది.

కాబట్టి పాఠకుడు గారికి నా మొదటి సలహా: పేర్లను వెతికి, వరుసపెట్టి, రెండుసార్లు వచ్చినవాటిని ఏరే చిన్న ఆదేశంతో జాబితా తయారుచేయడం సులువే, కానీ ఆ జాబితాలో పీజీటేబుల్_లెవెల్స్ లాంటివి కూడా పడతాయి. నిర్వచనాలలో విలువ వేరుగా ఉన్నవాటిని ముందే పక్కన పెట్టండి.

చిప్ ముంగిట

నేను ఒక ఆర్కిటెక్చర్ పక్షాన పనిచేసేవాడిని. ఈ శుద్ధి ప్యాచ్‌లను అందుకునే వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాలి. నాకు ఈ ఉత్సాహం పూర్తిగా నచ్చదు.

మొదటిది, చదవడానికి అనువుగా ఉండడం. మా ఫైలులో ఒక ఆప్షన్‌కు ప్రత్యేక నిర్వచనం ఉన్నప్పుడు, దాని షరతులు దాని పక్కనే నాలుగు వరుసల్లో కనిపిస్తాయి, అవసరమైతే ఎందుకు అన్నది వ్యాఖ్యగా రాసుకుంటాం. దాన్ని సెలెక్ట్‌గా మార్చితే అది ఎక్స్86, ఆర్మ్64 ఫైళ్ల ఆరంభంలో ఉండే పొడవైన సెలెక్ట్ జాబితాలో ఒక వరుసగా కలిసిపోతుంది. ‘ఉంటే’ అన్న షరతు పొడవైనదైతే ఆ వరుస చదవడమే కష్టం. రెండోది, ఆ జాబితా అక్షరక్రమంలో ఉంటుంది, ప్రతి విడుదల చక్రంలో పలువురు అక్కడే చేర్పులు చేస్తారు, విలీనం చేసేటప్పుడు ఘర్షణలు అక్కడే వస్తాయి. మూడోది, పాత స్థిర శాఖలకు ఒక సవరణను వెనక్కి తీసుకువెళ్లాల్సి వచ్చినప్పుడు, మధ్యలో జరిగిన పేరు మార్పు వల్ల ఆ ప్యాచ్ నేరుగా అతకదు.

ఇవన్నీ భరించదగిన ఖర్చులే. కానీ పని పంపేవారు ఆ ఖర్చును గుర్తించి, ఎదురుగా వచ్చే లాభాన్ని స్పష్టంగా చెప్పాలి. ‘నకలు ఉంది కాబట్టి తీసేశాను’ అనే ఒక్క వాక్యం ఆ లాభాన్ని చూపదు.

కేకాన్ఫిగ్ కార్యశాల

ముంగిట గారి అభ్యంతరాలలో మొదటి రెండూ న్యాయమైనవే. షరతు పొడవుగా ఉన్నచోట నేను కూడా సెలెక్ట్‌కు తొందరపడను. కానీ లాభం గురించి అడిగారు కాబట్టి, వరుసల లెక్కకు అందని లాభం ఒకటి చూపిస్తాను.

పీసీఐ ఆప్షన్‌ను తీసుకోండి. 5.0 వెర్షన్‌కు ముందు పీసీఐ కావాలా అని అడిగే ప్రశ్న దాదాపు ప్రతి ఆర్కిటెక్చర్ ఫైలులోనూ విడిగా ఉండేది, ఒక్కోచోట ఒక్కో వివరణతో, ఒక్కో షరతుతో. కొన్ని చోట్ల వాడుకరి ఎంచుకోవచ్చు, కొన్ని చోట్ల అది ఎప్పుడూ ఉన్నట్లే. 2019 మార్చిలో విడుదలైన 5.0లో ఆ నిర్వచనం డ్రైవర్ల కిందనున్న పీసీఐ డైరెక్టరీకి చేరింది. పీసీఐ ఉండగలిగిన ఆర్కిటెక్చర్ హ్యావ్_పీసీఐని సెలెక్ట్ చేస్తుంది. పీసీఐ తప్పనిసరి అయినది ఫోర్స్_పీసీఐని సెలెక్ట్ చేస్తుంది. అంటే మునుపు ఎన్నో నిర్వచనాలు పోల్చి చూస్తే తప్ప తెలియని భేదానికి ఇప్పుడు రెండు పేర్లు ఏర్పడ్డాయి: ‘నా దగ్గర ఉండవచ్చు’, ‘నా దగ్గర ఉండి తీరుతుంది’. కొత్త ఆర్కిటెక్చర్‌ను చేర్చేవారు ఇంకో ఫైలు నుంచి ఇరవై వరుసలు నకలు చేసుకోవాల్సిన అవసరం పోయింది. దానికి ముందు 4.19లో, ప్రతి ఆర్కిటెక్చర్ విడివిడిగా పిలుచుకుంటూ వచ్చిన ఉమ్మడి ఫైళ్లను అన్నిటికంటే పైనున్న కేకాన్ఫిగ్ నుంచే పిలిచే ఏర్పాటు జరిగింది. అది జరగకపోతే ఈ పీసీఐ మార్పు ఇంత శుభ్రంగా కుదిరేది కాదు.

ఈ హ్యావ్ పద్ధతి కెర్నల్ పత్రాలలోనే సిఫారసుగా ఉంది: కొన్ని ఆర్కిటెక్చర్లకే చెందే సదుపాయానికి హ్యావ్‌తో మొదలయ్యే ప్రాంప్ట్ లేని ఆప్షన్‌ను ఉమ్మడి ఫైలులో నిర్వచించాలి, ఆర్కిటెక్చర్లు దాన్ని సెలెక్ట్ చేయాలి, వాడుకరికి కనిపించే ఆప్షన్ దాని మీద ఆధారపడాలి. అవే పత్రాలలో ఒక హెచ్చరిక కూడా ఉంది. సెలెక్ట్ అన్నది ఆధారాలను పట్టించుకోకుండా విలువను బలవంతంగా పెడుతుంది కాబట్టి, ప్రాంప్ట్ లేనివాటికీ ఆధారాలు లేనివాటికీ మాత్రమే దాన్ని వాడాలి. ఎవరైనా నకలు తీసే ఉత్సాహంలో ప్రాంప్ట్ ఉన్న ఆప్షన్‌ను పలు చోట్ల నుంచి సెలెక్ట్ చేయిస్తే, వాడుకరి దాన్ని ఆపలేని స్థితి వస్తుంది. ఆ మార్పును శుద్ధి అని పిలవడానికి నేను ఒప్పుకోను.

పంపిణీ నిర్మాత

ఇప్పటిదాకా మాట్లాడినదంతా మూలకోడ్ లోపలి విషయం. నేను ఒక లినక్స్ పంపిణీకి (డిస్ట్రిబ్యూషన్‌కు) కెర్నల్ కాన్ఫిగ్ ఫైళ్లను, అంటే ఎంచుకున్న ఆప్షన్ల విలువలు ఉండే ఫైళ్లను, నిర్వహిస్తాను, కాబట్టి బయటి వైపు నుంచి చెబుతాను. ఆప్షన్ల సంఖ్య పదిహేను వేలు దాటిన కెర్నల్‌లో, మేము ప్రతి కొత్త వెర్షన్‌కూ పాత కాన్ఫిగ్ ఫైలును ముందుకు తీసుకువెళ్తాం. ప్రాంప్ట్ లేని ఆప్షన్ పేరు మారితే మాకు ఏమీ కాదు, దాని విలువను కేకాన్ఫిగ్ ప్రతిసారీ తానే లెక్కిస్తుంది. ప్రాంప్ట్ ఉన్న ఆప్షన్ పేరు మారితే మాత్రం పాత ఫైలులోని మా ఎంపికను అది ఏ శబ్దమూ లేకుండా పారేస్తుంది, కొత్త పేరుకు డిఫాల్ట్ విలువ పెడుతుంది.

దీనికి నాకు తెలిసిన అత్యంత బలమైన ఉదాహరణ 2018లో 4.18 తయారవుతున్నప్పటిది. మెమరీలోని స్టాక్‌ను పాడుచేసే దాడులను పట్టే స్టాక్ రక్షణకు అంతకు ముందు నాలుగు ఎంపికలు ఉండేవి: ఏదీ వద్దు, మామూలుది, బలమైనది, ఆటో. కంపైలర్‌కు ఏది చేతనవునో చూసి వాటిలో బలమైనదాన్ని ఎంచడం ఆటో పని. 4.18లో కేకాన్ఫిగ్ దశలోనే కంపైలర్‌ను అడిగి తెలుసుకునే సౌకర్యం వచ్చింది కాబట్టి ఆటో అనవసరమైంది, దాన్ని తీసేశారు. ఆలోచన పూర్తిగా సరైనదే. కానీ ఆటో ఎంచుకున్నవారి పాత ఫైలులో బలమైన రక్షణ ఆప్షన్ ఎదురుగా ‘పెట్టలేదు’ అని రాసి ఉంటుంది, ఎందుకంటే దాన్ని తెచ్చింది ఆటో. పాత ఫైలును కొత్త కెర్నల్‌కు సరిచేసే ఓల్డ్‌కాన్ఫిగ్ నడిపితే అది ఆ వరుసను చదివి, ఈ వాడుకరికి బలమైన రక్షణ వద్దని అర్థం చేసుకుని, దాన్ని ఆపేస్తుంది. అప్పటిదాకా బలమైన రక్షణతో నడిచిన యంత్రం కొత్త కెర్నల్‌తో బలహీనమైనదానికి దిగిపోతుంది, ఎక్కడా హెచ్చరిక లేదు. లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని గమనించి, సీసీ_స్టాక్‌ప్రొటెక్టర్ అన్న పేర్ల నుంచి ‘సీసీ’ని తీసేసి స్టాక్‌ప్రొటెక్టర్‌గా మార్చారు. పేరు కొత్తదైతే పాత ఫైలులోని తప్పుదారి పట్టించే వరుస దానికి వర్తించదు, డిఫాల్ట్‌గా బలమైన రక్షణే వస్తుంది.

ఇక్కడ పేరు మార్పు రక్షించింది. వేరేచోట అదే పేరు మార్పు హాని చేయవచ్చు. పాత ఫైలులో ఉన్న విలువ ఇప్పటికీ అదే అర్థం ఇస్తోందా అన్నది ఒక్కటే అడగాల్సిన ప్రశ్న. అర్థం ఇస్తుంటే దాన్ని కొత్త పేరుకు మోసుకెళ్లే ఏర్పాటు చేయాలి, ఇవ్వకపోతే తెంచేయాలి. మోసుకెళ్లడానికి 6.18 వెర్షన్‌లో ట్రాన్సిషనల్ అనే కొత్త గుణాన్ని చేర్చారు. పాత పేరును ట్రాన్సిషనల్‌గా గుర్తిస్తే, పాత ఫైలులోని దాని విలువను కేకాన్ఫిగ్ చదువుతుంది, కొత్త ఆప్షన్ దాన్ని తన డిఫాల్ట్‌గా తీసుకోవచ్చు, కొత్తగా రాసే కాన్ఫిగ్ ఫైలులో మాత్రం పాత పేరు కనిపించదు. సీఎఫ్ఐ_క్లాంగ్ అన్న ఆప్షన్‌ను సీఎఫ్ఐగా మార్చేటప్పుడు దీన్నే వాడారు. మాలాంటి వారికి ఇది ఎంతో ఊరట. శుద్ధి ప్యాచ్‌లు రాసే ప్రతి ఒక్కరూ దీన్ని గుర్తుంచుకోవాలని మనవి.

కొత్త విద్యార్థిని

నిర్మాత గారు చెప్పింది చదివాక నాకు ఆచరణకు సంబంధించిన ప్రశ్న వచ్చింది. ‘పనితీరులో మార్పు లేదు’ అని ప్యాచ్‌లో రాసే ముందు అది నిజమని ఎలా నిరూపించాలి? అన్ని ఆర్కిటెక్చర్ల యంత్రాలూ ఎవరి దగ్గరా ఉండవు కదా.

పరీక్షల బల్ల

యంత్రాలు అవసరం లేదు. ఇది నడిపి చూడాల్సిన మార్పు కాదు, లెక్కగట్టి పోల్చాల్సిన మార్పు. ప్యాచ్‌కు ముందు మూలకోడ్ చెట్టు ఒకటి, తరువాతి చెట్టు ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. మీరు తాకిన ప్రతి ఆర్కిటెక్చర్‌కూ, తాకని వాటిలో కూడా కొన్నింటికి, రెండు చెట్లలోనూ డెఫ్‌కాన్ఫిగ్ (డిఫాల్ట్ ఎంపికలు), ఆల్‌నోకాన్ఫిగ్ (వీలైనవన్నీ వద్దు), ఆల్‌యెస్‌కాన్ఫిగ్ (వీలైనవన్నీ కావాలి), ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ (వీలైనవన్నీ మాడ్యూళ్లుగా) తయారుచేసి ఫలితాలను పోల్చండి. మామూలు డిఫ్ వాడితే గందరగోళం వస్తుంది: నిర్వచనం ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు జరిగితే, కాన్ఫిగ్ ఫైలులో ఆ వరుస చోటు కూడా మారుతుంది, విలువ మాత్రం అదే ఉంటుంది. అందుకే స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని డిఫ్‌కాన్ఫిగ్ వాడాలి, అది పేర్ల ఆధారంగా పోలుస్తుంది. పేరు మార్చని ప్యాచ్‌కు దాని ఫలితం ఖాళీగా రావాలి. ఒక్క వరుస వచ్చినా దానికి వివరణ మీ ప్యాచ్ వ్యాఖ్యలో ఉండాలి.

యాదృచ్ఛిక కాన్ఫిగ్‌లతో పరీక్షించాలనుకునేవారికి ఒక జాగ్రత్త. రెండు చెట్లలోనూ ఒకే విత్తన సంఖ్యతో ర్యాండ్‌కాన్ఫిగ్ నడిపి పోలిస్తే అది సరైన పోలిక కాదు, ఎందుకంటే ఆప్షన్ల వరుస మారితే యాదృచ్ఛిక ఎంపికలూ మారిపోవచ్చు. పాత చెట్టులో ర్యాండ్‌కాన్ఫిగ్‌తో ఒక ఫైలు తీసి, అదే ఫైలును రెండు చెట్లలోనూ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (కొత్త ఆప్షన్లకు అడగకుండా డిఫాల్ట్ పెట్టేది) గుండా పంపి, వచ్చినవాటిని పోల్చండి. ఇంకొకటి: 4.18 నుంచి కేకాన్ఫిగ్ కంపైలర్‌నే ప్రశ్నించి కొన్ని విలువలు నిర్ణయిస్తుంది కాబట్టి, రెండు వైపులా కంపైలర్ ఒకటే కావాలి. ప్రతి ఆర్కిటెక్చర్‌కూ వేరే జీసీసీ కంపైలర్ వెతుక్కోవడం కష్టమైతే, ఒకే క్లాంగ్ కంపైలర్ పలు ఆర్కిటెక్చర్లకు పనికి వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. పేరు మార్చిన ప్యాచ్‌లో కోడ్‌లోని ఏదో ఒక ఇఫ్‌డెఫ్‌ను (ఆప్షన్ ఉంటేనే ఆ భాగాన్ని చేర్చే షరతును) మరిచిపోతే కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. నిర్వచనమే లేని మాక్రో అంటే ప్రీప్రాసెసర్‌కు ‘లేదు’ అని అర్థం, ఆ భాగాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ఈజ్_ఎనేబుల్డ్ మాక్రోతో రాసిన చోట కూడా ఫలితం సున్నాయే. కెర్నల్ నిర్మాణం పూర్తవుతుంది, బూట్ అవుతుంది, ఆ సదుపాయం మాత్రం ఉండదు. కాన్ఫిగ్ ఫైళ్ల పోలిక దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ అంతా సరిగానే ఉంటుంది. దీనికోసమే స్క్రిప్ట్స్‌లో చెక్‌కేకాన్ఫిగ్‌సింబల్స్ అనే పైథాన్ పరికరం ఉంది. కోడ్‌లో వాడుతూ ఏ కేకాన్ఫిగ్‌లోనూ నిర్వచించని పేర్లను అది ఏరి చూపుతుంది, ఒక ప్యాచ్‌కు ముందూ వెనుకా తేడాను కూడా ఇవ్వగలదు. మేక్‌ఫైళ్లు, డెఫ్‌కాన్ఫిగ్‌లు, పత్రాలు కూడా గాలించండి. డెఫ్‌కాన్ఫిగ్‌లో మిగిలిపోయిన పాత పేరు గురించి కేకాన్ఫిగ్ మామూలుగా ఏమీ చెప్పదు. కేకాన్ఫిగ్_వార్న్_అన్‌నోన్_సింబల్స్ అనే పర్యావరణ చలరాశిని పెడితే చెబుతుంది.

చిప్ ముంగిట

బల్ల గారు చెప్పినట్లు ఫలితాలను ప్యాచ్‌తో పాటు పంపితే నా అభ్యంతరాలలో సగం అక్కడే తీరిపోతాయి. మిగిలిన సగం ప్యాచ్‌లను ఎలా విడదీస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒక్కో ఆప్షన్‌కు ఒక్కో ప్యాచ్ ఉండాలి, ఆ ప్యాచ్‌లో ఆ ఆప్షన్‌కు సంబంధించిన అన్ని ఆర్కిటెక్చర్ల మార్పులూ ఉండాలి. ఆర్కిటెక్చర్ వారీగా ముక్కలు చేస్తే, పేరు మార్పు సగంలో ఉన్న చెట్టు మధ్యలో ఎక్కడో మిగులుతుంది, దోషాన్ని వెతుకుతూ చరిత్రను రెండుగా చీలుస్తూ వచ్చేవారు ఆ సగం దగ్గర చిక్కుకుంటారు. చేర్చడమూ పేరు మార్చడమూ రెండూ అవసరమైతే వాటిని రెండు ప్యాచ్‌లుగా విడదీస్తే నాకు సమీక్షించడం సులువు. 5.13 వరుసలో హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్ఎస్‌కు రెండూ ఒకే ప్యాచ్‌లో జరిగాయి, అది ప్రాంప్ట్ లేని ఆప్షన్ కాబట్టి హాని లేదు, అయినా నా ఇష్టం ఇది.

ఇంకో ముఖ్యమైన విషయం. అదే 5.13లో చేరిన మరో ప్యాచ్ ఆ వరుసలోని వాటిలాంటిది కాదు. మెమరీ పరీక్షకు సంబంధించిన మెమ్‌టెస్ట్ ఆప్షన్‌ను అంతకు ముందు ఎవరైనా పెట్టుకోవచ్చు, కానీ ఆ పరీక్షను మొదలుపెట్టే ఎర్లీ_మెమ్‌టెస్ట్ ఫంక్షన్‌ను కొన్ని ఆర్కిటెక్చర్లే పిలుస్తాయి. మిగిలిన చోట్ల వాడుకరి ఆప్షన్ పెట్టి, బూట్ వరుసలో మెమ్‌టెస్ట్ విలువ కూడా ఇచ్చి, పరీక్ష జరిగిందనే అనుకుంటాడు, నిజానికి ఏదీ జరగదు. ఆర్చ్_యూజ్_మెమ్‌టెస్ట్ అనే కొత్త ఆప్షన్ తెచ్చి, పిలిచే ఆర్కిటెక్చర్లకే ఆ ఎంపిక కనిపించేలా చేశారు. ఇది చాలా మంచి మార్పు, కానీ ఇది పనితీరులో మార్పే: కొన్ని ఆర్కిటెక్చర్ల మెనూ నుంచి ఒక ఎంపిక మాయమైంది. ఇలాంటివి శుద్ధి వరుసలో వచ్చినప్పుడు సమీక్షకులు ఆ ఒక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగాలి, పంపేవారు దాన్ని విడిగా ఎత్తి చూపాలి.

పాత యంత్రాల ప్రేమికుడు

నకళ్లు పోయాక కూడా మిగిలే ఒక రూపాన్ని చెప్పి పాఠకుడు గారి జాబితాకు కలపమంటాను. 5.13 నాటి హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్ఎస్ నిర్వచనంలోని డిపెండ్స్ ఆన్ వరుస చూడండి. కొన్ని ఆర్కిటెక్చర్లు ఆర్చ్_సపోర్ట్స్_హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్ఎస్‌ను సెలెక్ట్ చేసే దారిలోకి వచ్చినా, ఎక్స్86, ఐఏ64 వంటివి నేరుగా పేర్లతోనే ఆ వరుసలో మిగిలాయి. ఒకే సమాచారం రెండు పద్ధతుల్లో రాసి ఉంది: కొందరు తమ ఫైలులో తామే చెబుతున్నారు, మరికొందరి గురించి ఉమ్మడి ఫైలు చెబుతోంది. రెండుసార్లు వచ్చిన పేర్లను ఏరే ఆదేశానికి ఇది దొరకదు, ఎందుకంటే ఇక్కడ నిర్వచనం ఒకటే. ఒక ఆర్కిటెక్చర్‌ను కెర్నల్ నుంచి తొలగించినప్పుడు ఇలాంటి వరుసలన్నింటినీ గాలించాల్సి వస్తుంది. ఐఏ64ను 6.7లో తొలగించారు. ప్రతి ఆర్కిటెక్చర్ తన మాట తన ఫైలులోనే చెప్పి ఉంటే, దాని డైరెక్టరీతో పాటే ఆ మాటా పోతుంది.

మూలకోడ్ పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినదాని ఆధారంగా నా జాబితాను మళ్లీ వేరుచేశాను. ప్రాంప్ట్ లేనివి, అన్ని చోట్లా డెఫ్_బూల్ వై గానే ఉన్నవి, షరతు చిన్నదిగా ఉన్నవి ఒక వైపు పెట్టాను. వాటితోనే మొదలుపెడతాను. అందులోనూ ఉమ్మడి ఫైలులో అప్పటికే షరతు లేని నిర్వచనం ఉండి, ఆర్కిటెక్చర్ ఫైలులో మళ్లీ రాసినవి ముందు వరుసలో ఉంటాయి. కార్యశాల గారు చూపినట్లు, లేని కాపలాను ఉన్నట్లు భ్రమింపజేసేవి అవే. డిఫాల్ట్ విలువ వేరుగా ఉన్నవాటిని తాకను. ప్రాంప్ట్ ఉన్నవాటిలో పేరు మార్పు అవసరమయ్యేవి ప్రస్తుతానికి ఆపుతాను.

ఒక్క విషయంలో సలహా కావాలి. షరతు పొడవుగా ఉన్న ఒక ఆప్షన్‌ను సెలెక్ట్ వరుసగా మార్చడం ముంగిట గారికి నచ్చదని అర్థమైంది. అలాంటి చోట ఉమ్మడి ఫైలులో బూల్ నిర్వచనం ఉంచి, ఆర్కిటెక్చర్ ఫైలులోని పాత నిర్వచనాన్ని అలాగే వదిలేయడమా, లేక మధ్యలో ఇంకో చిన్న ఆప్షన్ తేవడమా?

చిప్ ముంగిట

మధ్యలో ఇంకో ఆప్షన్ వద్దు, ఒక పేరు తగ్గించబోయి ఇంకో పేరు పెంచినట్లవుతుంది. అదే ఆర్కిటెక్చర్ ఫైలులో ఆ షరతులన్నిటినీ ఇప్పటికే మోస్తున్న ఆప్షన్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే సెలెక్ట్‌ను పైనున్న పొడవైన జాబితాలో కాక, ఆ ఆప్షన్ నిర్వచనం లోపలే రాయండి. అప్పుడు షరతు ఉన్నచోటే ఉంటుంది, జాబితా పెరగదు, వ్యాఖ్య రాసుకోవడానికీ చోటు దొరుకుతుంది. అలాంటి ఆప్షన్ లేకపోతే పాత నిర్వచనాన్ని వదిలేసి, ఎందుకు వదిలేశారో వరుస పరిచయ లేఖలో ఒక వాక్యం రాయండి. నా ఆర్కిటెక్చర్‌కు సంబంధించిన ప్యాచ్‌లు వస్తే డిఫ్‌కాన్ఫిగ్ ఫలితాలతో పాటు నేను చదువుతాను.